ఎలుగొచ్చిన పొద్దు

"ఆ నంబరు మిషన్ ఇచ్చిందా, నువ్విచ్చావా?"

ఈ ప్రశ్న నేను అడగడం మూడోసారి. శ్రావణి మూడోసారీ అదే జవాబు చెప్పింది.

"మిషన్ ఇచ్చిందే నేనిచ్చాను సార్."

"ఎన్నిసార్లు నడిపావు ఆ శాంపిల్ని?"

"రెండుసార్లు. మొదటిసారి ఎర్రర్ చూపించింది. రెండోసారి మామూలుగా వచ్చింది. రిపోర్టు ఇచ్చేశాను."

"ఇంకోసారి ఎందుకు చూడలేదు?"

ఆ అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. "మామూలుగా వచ్చినదాన్ని ఎవరైనా మళ్ళీ నడుపుతారా సార్?"

నిజమే. నేనైనా నడపను. కానీ ఆ మామూలు నంబరు పట్టుకుని ఇంటికెళ్ళిన లోకనాథం సాయంత్రానికల్లా గుండె ఆగి చనిపోయాడు. కిడ్నీ జబ్బు మనిషి. అలాంటివాళ్ళకి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె నిలబడదు. అది ముందే పట్టుకోవడానికే డాక్టర్ నీలిమ పలాసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానం జీడితోటల్లో ఈ ల్యాబ్ తెరిచింది. ఇక్కడి మిషన్ పరవాలేదంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి మిషన్ ప్రాణం మీదికొచ్చిందని చెప్పేసరికి ఆ ప్రాణం పోయింది.

ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకే మాట. శ్రావణి ఆ రక్తాన్ని మిషన్లో పెట్టనే లేదనీ, నోటికొచ్చిన నంబరు కొట్టేసిందనీ. సాయంత్రం సి.ఐ. వస్తానన్నాడు. వచ్చేది పలకరించడానికి కాదు, ఆ అమ్మాయిని టెక్కలి కోర్టుకి తీసుకెళ్ళడానికి. ఆలోగా మిషనే అబద్ధమాడిందని నేను రుజువు చెయ్యాలి. డాక్టర్ నీలిమ నన్ను విజయవాడ నుంచి పిలిపించింది ఆ పని మీదే.

నా బోర్డు మీద "ఉమాశంకర్, ప్రైవేట్ డిటెక్టివ్" అని ఉంటుంది గానీ నా దగ్గరికి వచ్చేవన్నీ మిషన్ల కేసులే. తక్కువ తూచే కాటాలు, ఎక్కువ తిరిగే మీటర్లు. మిషన్ దానంతటది అబద్ధం చెప్పదు. చెప్పిందంటే వెనకాల ఎక్కడో ఒక మనిషి ఉంటాడు, వాణ్ణి పట్టుకోవాలి.

ఆ రోజు మాత్రం నాకు ఒళ్ళు మండిపోతోంది. పొద్దుటి నుంచీ కాపలా కూర్చున్నా ఆ మిషన్ ఒక్క తప్పూ చెయ్యలేదు. చుట్టాలొచ్చినప్పుడు పిల్లలు బుద్ధిమంతులైపోయినట్టు కూర్చుంది.

"అయిపోయిందా సార్ మీ విచారణ?" అంటూ మనోహర్ లోపలికొచ్చాడు. మిషన్ కంపెనీ తరఫున విశాఖ నుంచి వచ్చిన సర్వీస్ ఇంజనీరు. మిషన్లో ఏ లోపమూ లేదని సంతకం చేసి పోలీసులకిచ్చింది ఇతనే. మెడలో టై, చేతిలో టెస్టు ద్రావకం సీసా, మొహంలో మనల్ని చూసి జాలి.

"చూడండి. ఈ ద్రావకానికి పొటాషియం ఆరు రావాలి." రెండు చుక్కలు మిషన్‌కి పట్టించాడు. ఆరు వచ్చింది. "నేను వచ్చినప్పుడల్లా ఆరే. నిన్నా ఆరే. మిషన్‌కి ఏ రోగమూ లేదు. రోగం మనుషుల్లో ఉంది."

"మీరెప్పుడూ మధ్యాహ్నమే వస్తారా?"

"విశాఖ నుంచి రావద్దా మరి? ఏం, మధ్యాహ్నం వస్తే మిషన్‌కి భయమా?"

శ్రావణి తల దించుకుని తెల్ల కోటు గుండీ తిప్పుతూ కూర్చుంది. తప్పు చేసినవాళ్ళూ అలాగే కూర్చుంటారు, చెయ్యనివాళ్ళూ అలాగే కూర్చుంటారు. నాకు అంతుపట్టలేదు.

లోకనాథం భార్య పైడితల్లిని రమ్మని కబురు పెట్టాను. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆవిడ మాట నాకు సగమే అర్థమవుతుందని శ్రావణిని పక్కన నిలబెట్టుకున్నాను.

"ఆ రోజు ఏం జరిగిందమ్మా?"

"ఏటి సెప్పమంతారు బాబూ? పొద్దున్నే వచ్చీద్దుమని బయిల్దేరినాం. ఎలుగొచ్చీసింది. ఆలీసమైపోనాది. ఎలుగొచ్చిన పొద్దల్లా ఇంతే. ఆలీసంగా వత్తాం, తీరా వచ్చేక మిసన్ పన్సెయ్యట్నేదంతారు. ఆ పొద్దు పన్సేసిందన్నారు, కాయితం ఇచ్చినారు. మడిసి పోనాడు."

"ఎలుగు అంటే?"

"వెలుగు సార్," శ్రావణి వెంటనే అందుకుంది. "ఇక్కడ చాలామంది వకారం పలకరు. తెల్లారిపోయింది, ఆలస్యమైపోయింది అంటోంది. బాగా తెల్లారాక వస్తే మిషన్ మొరాయిస్తుందని ఆవిడ అనుకుంటోంది."

పైడితల్లి ఆ అమ్మాయి వైపు తలతిప్పి చూసింది. ఏదో అనబోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఊరుకుంది. దుఃఖం అనుకున్నాను. అంతకన్నా తెలివితక్కువ పని ఆ రోజు ఇంకోటి చెయ్యలేదు.

ఎందుకంటే వెలుగు అన్న మాట వినగానే నా బుర్ర మేడ మీదికి పరిగెత్తింది. అక్కడ సోలార్ పలకలున్నాయి. పొద్దెక్కాక పనిచేసేవి అవే కదా! నా సంచిలోంచి పాత ట్రాన్సిస్టర్ తీశాను. స్టేషన్ లేని చోట ముల్లు ఆపి పెడితే చాలు, దగ్గర్లో ఎక్కడ కరెంటు చెడ్డగా ప్రవర్తించినా అది అరిచి చెబుతుంది. లక్షల ఖరీదు మీటర్లు కూడా ఉన్నాయి నా దగ్గర. ముందు నమ్మేది మాత్రం దీన్నే.

సోలార్ పెట్టె దగ్గర పెట్టేసరికి రేడియో నూనెలో పడ్డ అప్పడంలా చిటపటలాడింది.

"దొరికింది!" అని అరిచాను.

మనోహర్ కింద నుంచి తాపీగా వచ్చాడు. "ఆపండి చూద్దాం," అన్నాడు. ఆపాను. కిందికెళ్ళి ద్రావకం పట్టించాడు. ఆరు. "ఇప్పుడు వెయ్యండి." వేశాను. ఆరు. మళ్ళీ ఆపించాడు, మళ్ళీ వేయించాడు. ఆరు, ఆరు.

"సోలార్ అరుస్తుంది సార్. అరిచినవన్నీ కరుస్తాయా?" అని నవ్వాడు. "ఎందుకీ శ్రమ? ఆ అమ్మాయి ఒప్పేసుకుంటే శిక్షైనా తగ్గుతుంది."

"ఒప్పుకుంటే మీ కంపెనీకి కూడా హాయిగా ఉంటుంది."

"మాకు హాయిగానే ఉంది. మీకే చెమటలు పడుతున్నాయి."

పడుతున్నాయి. కాదనడానికేముంది? డాక్టర్ నీలిమ రాజమండ్రి మనిషి, ఈ ఊరికి కొత్త. ఆవిడ గోడ గడియారం వైపు చూడ్డం, నా వైపు చూడ్డం, మళ్ళీ గడియారం వైపు చూడ్డం. నాకు ఒక్క చోట నిలబడబుద్ధి కాలేదు. భవనం చుట్టూ తిరిగాను. మెయిన్ బోర్డు, ఏసీ, ఫ్రిజ్, నీళ్ళ మోటారు. అన్నింటి దగ్గరా రేడియో పెట్టాను. ఏమీ లేదు. చివరికి పెరట్లో, ఎవరూ అడుగు పెట్టని మూల, ఎర్త్ దొరికింది.

ఎర్త్ అంటే ప్రత్యేకంగా గుంట తవ్వి పెట్టలేదు. నీళ్ళు పడని పాత బోరు పైపు నేలలోంచి మోకాలెత్తు లేచి ఉంటే దానికే ఆకుపచ్చ తీగె బిగించి లోపలికి లాగేశారు. కట్టినవాడు ఖర్చు మిగుల్చుకున్నాడు. ఆ పైపుకే ఇంకో తీగె ఉంది. తుప్పు పట్టిన ఇనప తీగె. నేలలో దిగి, ప్రహరీ గోడ కిందనుంచి అవతలికి పోయింది.

"ఇదేమిటి?" అన్నాను.

"తెలీదు సార్," అంది వెనకే వచ్చిన శ్రావణి. "పాత బోరుది అయ్యుంటుంది."

"తీగె పాతదే. దాన్ని బిగించిన నట్టు చూడు, తళతళా మెరుస్తోంది. పాత తీగెకి కొత్త నట్టు ఎవరు పెట్టారు?"

"తెలీదు సార్."

"గోడ అవతల ఎవరి తోట?"

"చాలామందివి సార్. అన్నీ కలిసే ఉంటాయి."

మనోహర్ గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాడు. "సోలార్ అయింది, ఇప్పుడు బోరు. సి.ఐ. గారొచ్చేసరికి బావిలో కూడా దిగుతారేమో చూద్దాం."

"మీరు పోలీసులకి సంతకం చేసిచ్చే ముందు ఈ ఎర్త్ చూశారా?"

"లోపల ఎర్త్ పాయింటు సరిగ్గా ఉంది. చూశాను."

"నేనడిగింది ఈ పైపు. ఇది చూశారా?"

మొదటిసారి అతని నవ్వు కొంచెం వాడింది. "పెరట్లో పాములుంటాయన్నారు," అన్నాడు.

"పాము భయంతో ఒక ఆడపిల్లని జైలుకి పంపుతున్నారన్నమాట!"

"మాట జాగ్రత్త ఉమాశంకర్ గారూ!" అంటూ మెట్టు దిగి మీదికొచ్చాడు. నేనూ రెండడుగులు వేశాను. ఏమయ్యేదో చెప్పలేను. అప్పుడే రోడ్డు మీంచి కేక వినిపించింది. ఎవడో ఆటోవాడు, గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"ఎలుగొచ్చీసిందిరోయ్! తోటల్లోకి ఎల్లకండి! ఎలుగొచ్చీసింది!"

మిట్టమధ్యాహ్నం దాటింది. ఎండ నడినెత్తి మీంచి ఇప్పుడిప్పుడే వాలుతోంది. పొద్దుటి నుంచీ ఉన్న వెలుగు ఇప్పుడు కొత్తగా రావడమేమిటి?

వెలుగు రోజూ వస్తుంది. మిషన్ రోజూ చెడదు. ఇంత చిన్న లెక్క నాకు తట్టలేదు. పైడితల్లి చెప్పింది వెలుగు కాదు, ఎలుగు. ఎలుగుబంటి! జీడితోటల్లో ఎలుగు తిరిగిన పొద్దు దారి మూసుకుపోతుంది, ఈ మొగుడూ పెళ్ళాలూ ఆలస్యంగా వస్తారు, ఆ పొద్దే మిషన్‌కి మతి పోతుంది.

చేతిలో రేడియో టిక్కుమంది.

ఒక క్షణం ఆగి మళ్ళీ టిక్కుమంది. మళ్ళీ. గోడ గడియారం ఎవరో లోపల దాచినట్టు, తప్పకుండా, ఒకే తీరున.

"మిషన్ దగ్గరికి!" అని మనోహర్ భుజం పట్టి లోపలికి ఈడ్చుకెళ్ళాను. "పట్టించండి మీ ద్రావకం!"

పట్టించాడు. ఎర్రర్. మళ్ళీ పట్టించాడు. ఎనిమిది. అతని మొహం పాలిపోయింది. నేను చెప్పకుండానే ఇంకోసారి పట్టించాడు.

నాలుగు.

"నాలుగంటే మామూలు," అంది డాక్టర్ నీలిమ. "ఆరున్నా నాలుగు చూపిస్తోంది. లోకనాథానికి చూపించింది ఇదే."

"తోటలో ఎవరో కంచెకి కరెంటు పెట్టారు," అన్నాను. "జంతువుల్ని బెదరగొట్టే ఝట్కా పెట్టె. క్షణానికో దెబ్బ. దాని ఎర్త్‌ని ఈ బోరు పైపుకే కట్టారు. అక్కడ కొట్టే ప్రతి దెబ్బా ఆకుపచ్చ తీగె వెంట మీ మిషన్ గుండెల్లోకి వస్తోంది."

మనోహర్ టై వదులు చేసుకున్నాడు. "సి.ఐ. గారికి నేనే ఫోన్ చేస్తాను," అన్నాడు చివరికి. "నా సంతకం తప్పని చెబుతాను." ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో చూశాను. అతని మీద కోపం సగం అక్కడే పోయింది.

"శ్రావణీ, విన్నావా? నువ్వు బయటపడ్డావు!" అంటూ నీలిమ ఇటు తిరిగింది.

శ్రావణి లేదు. కుర్చీ మీద తెల్ల కోటు పడి ఉంది.

వరండాలోకి పరిగెత్తాను. పైడితల్లి లేచి నిలబడి ఉంది. పెరటి గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

"ఆళ్ళ తోటకే లగెత్తింది బాబూ. ఆళ్ళ నాన్న గోపాలరావు అక్కడే ఉంతాడు కదా."

"గోడ అవతల తోట వాళ్ళదా?"

"ఆళ్ళదే. పోయినేడు జీడిపిక్కలేరతంటే ఎలుగు ఆళ్ళమ్మ మొకం పీకీసింది. ఒక కన్ను పోనాది. అప్పట్నించీ గోపాలరావుకి నిద్ర నేదు, పాపం. తీగెలు కట్టీసి కాపలా కాత్తన్నాడు."

"మీరు చెప్పింది ఎలుగుబంటి అని ఇందాక నాతో ఎందుకనలేదమ్మా?"

"అందామనే అనుకున్నాను. అమ్మాయి వెలుగు అనీసింది. ఈ ఊర్లో పుట్టిన పిల్ల, ఎలుగుకీ వెలుగుకీ తేడా తెలీదేటి దానికి? ఎందుకలాగంతందో అర్థం కానేదు. మరేటో కారణం ఉంటాదని ఊరుకున్నాను."

కారణం నాకు అర్థమైంది. విజయవాడ వాణ్ణి, నేను పొరబడొచ్చు. ఆ తోటలో పెరిగిన పిల్ల పొరబడదు. తను బయటపడాలంటే తండ్రి లోపలికెళ్ళాలి. అందుకే నన్ను మేడ మీదికి పంపి, తను జైలుకెళ్ళడానికి కోటు గుండీ తిప్పుకుంటూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, కోపం కూడా వచ్చింది. గోడ దూకాను.

ఉద్దానం జీడిచెట్ల కింద నిటారుగా నడవడం కుదరదు. కొమ్మలు నేలని తాకుతుంటాయి. నడుం వంచి, ఒక్కోచోట నాలుగు కాళ్ళ మీద పాకాలి. ముందు ఎక్కడో ఎండుటాకులు చప్పుడయ్యాయి. రేడియో జేబులో టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఎలుగు కూడా ఇక్కడే ఎక్కడో ఉందన్న సంగతి గుర్తొచ్చింది.

శ్రావణి కంచె దగ్గర దొరికింది. నల్ల చుడీదారు, ఎండకి తల మీద వేసుకున్న నల్ల చున్నీ, కొమ్మల కింద వంగి ఉంది. వెదురు కర్రలకి కట్టిన సన్నటి తీగె ఆమె మోకాళ్ళ ఎత్తులో ఉంది.

"అక్కడే ఆగు!" అన్నాను రొప్పుతూ. "ఎప్పుడు తెలిసింది నీకు?"

తిరిగి చూసింది. ఇంతసేపూ ల్యాబ్‌లో పుస్తకంలా మాట్లాడిన పిల్ల, ఇప్పుడు మాటే మారిపోయింది.

"లోకనాథం మావ పోయిన మర్నాడు సార్. ముందు రోజు పొద్దున్న ఎలుగొత్తే పెట్టె ఏసినానని నాన్న అన్నాడు. నాకు తెలిసిపోనాది. ఆ ఎర్త్ తీగె నేనే సూపించినాను సార్. మన ల్యాబ్ పైపుంది కదా, దానికి కట్టీ అని నేనే సెప్పినాను. ఇంక ఎవుర్ని పట్టిత్తాను?"

"మీ నాన్నకి తెలుసా?"

"తెలీదు. తెలిత్తే బతకడు. ఆపమని సెప్పడానికే వచ్చినాను. తీగె పీకీసి, మీరు రాకముందే..." కంచె అవతలికి చూసింది. "మా నాన్న ఎవుర్నీ సంపీ మనిసి కాదు సార్. ఇది ఝట్కాయే. ఎలుగునైనా విదిలిత్తాది గానీ సంపదు. నాను సిన్నప్పట్నించీ ఇలాటివి ఎన్ని ముట్టుకున్నానో."

"ముట్టుకున్నవాళ్ళని చంపదు శ్రావణీ. ముట్టుకోనివాణ్ణి చంపింది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దెబ్బ తిన్నట్టు చూసింది. "సూడండి కావాలంటే!" అంటూ అరచెయ్యి చాచింది. "సూడండి, ఏటీ కాదు."

దూరంగా, మోటారు షెడ్డు వైపు నుంచి ఒక మగగొంతు లేచింది.

"ఎలుగు ఈ పక్కనే ఉందిరోయ్! తీగె కాడే ఉంది, నల్లగా అగుపడతంది! ఈపాలి ఒగ్గను దాన్ని!"

రేడియోలో టిక్కు ఆగిపోయింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఎక్కడా ఆగకుండా ఒకటే మోత మొదలైంది. ఝూ... అని. ఆ మోత నాకు బాగా తెలుసు. అది ఝట్కా పెట్టెది కాదు. పెట్టె తీసేసి, మోటారు కరెంటు తిన్నగా తీగెకి కలిపితే వచ్చే మోత. గోపాలరావుకి చెట్ల కింద నల్లగా కనిపించింది ఎలుగు కాదు.

ఆలోచించలేదు. ఆమె చున్నీనీ జడనీ కలిపి దొరకబుచ్చుకుని వెనక్కి లాగాను. ఇద్దరం ఎండుటాకుల్లో పడ్డాం. ఆమె వేళ్ళకీ తీగెకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. తీగెకి తగిలిన ఒక పచ్చి రెమ్మ చిటచిటమని పొగలు కక్కింది.

"నాన్నా!" అని కేక పెట్టింది శ్రావణి. "నాన్నా, నేను!"

అవతల ఆకులు విదిలించుకుంటూ గోపాలరావు బయటికొచ్చాడు. బక్క మనిషి, చేతిలో కర్ర, కాలికి చెప్పుల్లేవు, మోకాళ్ళ దాకా కాలవ నీళ్ళు కారుతున్నాయి. కొమ్మల కింద పడి ఉన్న నల్లటి ఆకారాన్ని చూశాడు. అది కదలడం చూశాడు. కూతురి మొహం చూశాడు. కర్ర జారిపోయింది.

"ఓలమ్మో! అమ్మీ, నువ్వా! నీకేటైందే అమ్మీ!"

"రాకు నాన్నా! తీగె! తీగె ఉంది, రాకు!"

"ఆగు!" అని నేనూ అరిచాను. ఎంత గట్టిగా అరిచానో నాకే తెలీదు. షెడ్డు దూరం. అక్కడికి పరిగెత్తి స్విచ్చి ఆపేలోగా ఏమైనా అయిపోతుంది.

గోపాలరావుకి మా మాటలు వినిపిస్తున్నట్టు లేదు. రెండు చేతులూ చాచుకుని తిన్నగా కూతురి దగ్గరికి పరిగెత్తుకొస్తున్నాడు. మధ్యలో తను కట్టిన తీగె ఉన్న సంగతి అతనికి గుర్తు లేదు. నా జేబులో రేడియో ఆగకుండా ఝూ... అని మోగుతూనే ఉంది.